జరిగే గోడలు: పద్నాలుగో అంశం

కిందటి వారం మీరు నన్ను వదిలిపెట్టేసరికి నేను మూడో అంతస్తులో, చంకలో ఏడో నంబరు ఫైలుతో, సమావేశం గది తలుపు తీయనా వద్దా అని నిలబడి ఉన్నాను. తీశాను. తీయక చేసేదేముంది? ఆ తలుపు తీసి ఫైళ్లు లోపల పెట్టడానికే నాకు జీతమిస్తున్నారు.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్లకి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. మా నగరంలో ఎవరైనా కొత్త తరహా ఇళ్లు కడతామని ముందుకొస్తే ఆ ప్రతిపాదన మా మూడో అంతస్తుకే రావాలి. పరిశీలన ఇంజనీరుగా మొదట చదివేది నేను. ఇరవై అంశాలున్న పత్రం ఒకటి దానికి జతచేసి పైకి పంపుతాను. ముగ్గురు సభ్యుల ఎంపిక సంఘం వాళ్లు అంశం అంశానికీ మార్కులు వేస్తారు. వందకి డెబ్బై దాటితే స్థలం దక్కుతుంది. ఈసారి స్థలం పాత గూడ్సు పట్టాల పక్కనున్న సన్నటి నేల. పదకొండు ప్రతిపాదనలు వచ్చాయి. ఇవాళ సాయంత్రంలోగా ఒక్కటి కూడా డెబ్బై దాటకపోతే ఆ నేల బస్సులు నిలబెట్టుకోవడానికి రవాణా శాఖకి పోతుంది.

అందులో ఏడో నంబరు నూలు మిల్లు గోదాము వాళ్లది. అరవై నాలుగు కుటుంబాలు. వాళ్లుండే భవనం కూలేలా ఉందని ఖాళీ చేయించి, మూణ్ణెల్లు తాత్కాలికం అని చెప్పి ఆ గోదాములో పెట్టారు. తాత్కాలికానికి నాలుగేళ్లు నిండాయి. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య దుప్పటే గోడ. అవతలివాళ్లు దగ్గితే ఇవతలివాళ్లు మంచినీళ్లు అందిస్తారు, అంత దగ్గర. ముప్పై ఒకటో దుప్పటి వెనక మా చెల్లెలు, వాళ్లాయన, ఆయాసంతో బాధపడే వాళ్లత్తగారు ఉంటారు.

ప్రతిపాదన గీసింది అక్కడే ఉండే వడ్రంగి. అందరూ ఆయన్ని మూలమట్టం మేస్త్రీ అంటారు. చేసే పనిలోనే కాదు, మాటలో కూడా వంకర సహించడని ఆ పేరు. ఆయన గీసిన ఇంట్లో లోపలి గోడలు చెక్క చట్రాలు. ఇద్దరు మనుషులు పట్టి తోస్తే గాడిలో జరుగుతాయి. పెళ్లయి కోడలొస్తే గోడ ఇటు జరుగుతుంది, కూతురు వెళ్లిపోతే అటు జరుగుతుంది. పక్కింటికి మనుషులెక్కువై మనకి తక్కువైతే, ఇరువైపులా ఒప్పుకుంటే వాళ్ల గది మనవైపుకి నాలుగడుగులు వస్తుంది. నాలుగేళ్లు దుప్పట్లు జరుపుకుంటూ బతికినవాడికి తప్ప ఆ ఆలోచన ఇంకొకడికి రాదు.

ఇక నా చీటీ. వానలు మొదలయ్యే ముందు చెల్లి దగ్గరికి వెళ్లినప్పుడు, పద్నాలుగో అంశం కింద వాళ్లకి సున్నా వస్తుందని నాకు తట్టింది. కట్టినది కనీసం ఒక వర్షాకాలం తట్టుకున్నట్టు రుజువు చూపించాలనేది ఆ అంశం. పెద్ద కంపెనీలు ఎక్కడో ప్రయోగశాలలో నీళ్లు కొట్టించి సర్టిఫికెట్టు తెచ్చి పెడతాయి. వీళ్లకి ప్రయోగశాల ఎక్కడిది? సంచీలోంచి ఆఫీసు ప్యాడు తీసి, “పద్నాలుగో అంశానికి ఒక గది కట్టి వానలో నిలబెట్టండి, వారం వారం ఫొటో తీయండి” అని రాసి మేస్త్రీ చేతిలో పెట్టాను. కింద పొట్టి సంతకం, తేదీ. పాతికేళ్ల అలవాటు, చాకలి పద్దు రాసినా కింద సంతకం పడిపోతుంది. పైగా నాది ఒత్తి రాసే చెయ్యి. రాత పరీక్షల్లో కాగితం చిరిగేదాకా రాస్తావేంటే అని మా అమ్మ తిట్టేది.

పరిశీలించాల్సినవాళ్లు పరిశీలనకి వచ్చినవాళ్లకి సలహా ఇవ్వకూడదు. ఇస్తే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. రాశాను.

మేస్త్రీకో పద్ధతుంది. పని చెప్పినవాళ్ల చీటీని గుమ్మం లోపలివైపు చిన్న మేకుతో కొడతాడు. పని పూర్తయ్యేదాకా తీయడు. చెప్పిందేంటో చేసిందేంటో రోజూ కళ్ల ముందుండాలంటాడు. గోదాము వెనక ఖాళీలో ఒక గది లేచింది. వానంతా దాని మీదే కురిసింది. చుక్క కారలేదు. తడి లేని చోటు అదొక్కటే కాబట్టి, పదిహేను రోజుల కిందట చెల్లి వాళ్లత్తగారిని అందులోకి మార్చారు. నేను రాసిన చీటీ కింద ఆవిడ మంచం.

సరే, గదిలోకి వద్దాం.

లోపల ఇద్దరున్నారు. చైర్మన్ గారు, కట్టడాల ప్రొఫెసరమ్మ. మూడో సభ్యుడికి జ్వరం. మిగతా పదీ అప్పటికే చూసేశారు. అన్నిట్లోకీ ఎక్కువ వచ్చింది యాభై ఆరు. కంపెనీలవాళ్ల బొమ్మల్లో ఇళ్ల మీద చెట్లు, చెట్ల మీద పిట్టలు ఉన్నాయి కానీ, చీపురు ఎక్కడ పెట్టుకోవాలో లేదు. ఇది నేను అన్నది కాదు, ప్రొఫెసరమ్మ అన్నది. ఆవిడంటే నాకు భయమూ ఉంది, ఇష్టమూ ఉంది.

ఏడో నంబరు తెరిచాక గదిలో గాలి మారింది. చైర్మన్ గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి చూశారు. గోడ జరిగే గాడి దగ్గర వేలు పెట్టి, ఇసుక పడితే ఎలా అని అడిగారు. ఇసుక పడినా కిందకి జారిపోయేలా గాడికి అడుగున సందు వదిలారని ప్రొఫెసరమ్మే నాకంటే ముందు చెప్పింది. ఆవిడ కలం పట్టుకుని మార్కులు వేసుకుంటూ పోయింది. వెలుతురుకి నాలుగు, గాలికి ఐదుకి ఐదు, మంటలొస్తే బయటపడే దారికి ఐదుకి ఐదు. నేను నీళ్ల సీసా మూత బిగిస్తూ విప్పుతూ లెక్క కట్టుకుంటున్నాను. మనసులో ఎనభై రెండు దాకా వెళ్లిపోయాను.

పద్నాలుగో అంశం దగ్గర ఫొటోలు వరసగా పరిచారు. పన్నెండు వారాలు, పన్నెండు ఫొటోలు. వానలో గది, వాన వెలిశాక గది, గోడ జరిపిన గది. చైర్మన్ గారు ఇరవైకి ఇరవై అన్నారు. ఆ అంకె విన్నాక నేను సీసా కింద పెట్టాను.

అప్పుడు ప్రొఫెసరమ్మ కలం ఆగింది. పేజీలు వెనక్కి తిప్పింది. తొమ్మిదో అంశం మీద వేలు పెట్టి చైర్మన్ గారి వైపు తిప్పింది.

“ఇంతకు ముందు ఎక్కడా కట్టినది కాకూడదు. దీనికీ ఇరవై మార్కులు. ఇదేమో కట్టేశారు, ఫొటోలు కూడా మనమే చూస్తున్నాం,” అంది.

ఆ పత్రం రాసింది నేను. ఆరేళ్ల కిందట, సాయంత్రంలోగా కొత్త పత్రం కావాలని అప్పటి అధికారి పట్టుబడితే, రెండు పాత ఫారాలు ముందేసుకుని కత్తెర పట్టాను. ఒకటి కొత్త నమూనాల పోటీది. అందులో ఇంతకు ముందు కట్టకూడదని ఉంది. రెండోది సరుకు సరఫరా చేసేవాళ్లది. అందులో వానకి తట్టుకున్న రుజువుండాలని ఉంది. రెండూ కత్తిరించి ఒకే కాగితం మీద అంటించాను. కట్టనిదీ కావాలి, కట్టి వానలో నిలబడిందీ కావాలి. ఆరేళ్లలో ఎవరూ పట్టుకోలేదు. ప్రయోగశాల కాగితాలు పెట్టేవాళ్లకి అది అడ్డమే కాదు కాబట్టి. నిజంగా చెక్క కోసి, మేకు కొట్టి, వానలో నిలబెట్టినవాడికే అడ్డమొచ్చింది. నా కత్తెర ఆరేళ్ల తర్వాత వెళ్లి మా చెల్లి మెడ మీద పడింది.

చైర్మన్ గారు పత్రం రెండుసార్లు చదువుకున్నారు. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత బాగుండేదో. ఎవరినైనా తిట్టుకునేదాన్ని. ఆయన ముఖంలో బాధే కనిపించింది.

“నాకు ఇది నచ్చింది. కానీ నచ్చడానికి ఈ కాగితంలో మార్కుల్లేవమ్మా,” అన్నారు నాతో. తొమ్మిది కింద సున్నా వేస్తే మొత్తం అరవై రెండు. ఇంకా అసలు సంగతి మిగిలే ఉంది. అనుమతి లేకుండా కట్టిన గది కూడా అది. ఎవరు కట్టమన్నారో అడగాలని వడ్రంగిని పిలవమన్నారు.

మేస్త్రీ బయట బల్ల మీద పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నాడు. పిలిచేవరకూ ఉండమని కబురు వస్తే, మంచి చొక్కా వేసుకుని వచ్చాడు. చెవి మీద పెన్సిలు మాత్రం తీయడం మర్చిపోయాడు. లోపలికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా బల్ల అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బల్ల కాలు ఒకటి పొట్టిదని ఆయనకి ఆ చెయ్యి వేయగానే తెలిసుంటుంది.

ఆ గది ఎవరు కట్టమంటే కట్టారని చైర్మన్ గారు అడిగారు. మెత్తగానే అడిగారు.

“నా అంతట నేనే కట్టాను సార్,” అన్నాడు మేస్త్రీ.

ఆయన అబద్ధమాడడం నేను వినడం అదే మొదటిసారి. ఎవరి కోసమో నాకు తెలుసు. ఆయన నా వైపు చూడలేదు.

అప్పుడు ప్రొఫెసరమ్మ ఆ పత్రాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, అడుగున చీమల్లా ఉన్న అక్షరాలు పైకి చదివింది. కార్యాలయం కాగితం మీద రాసి కోరిన పరీక్షా నిర్మాణం, కట్టడం కింద లెక్కకు రాదు. సరుకు సరఫరా ఫారంతో పాటు ఆ వాక్యం కూడా కత్తెరకి తగిలి వచ్చేసింది. దాన్ని అంటించిన నేనే మర్చిపోయాను.

చైర్మన్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. “మేస్త్రీగారూ, బాగా ఆలోచించుకుని చెప్పండి. మా ఆఫీసు నుంచి ఎవరైనా, ఏదైనా కాగితం ఇచ్చారా? ఎవరు రాశారన్నది నాకు తర్వాతి సంగతి. మా కాగితం మీద, తేదీ, సంతకం ఉంటే చాలు. సున్నా తీసేసి ఇరవై వేస్తాను. ఎనభై రెండు.”

ఇప్పుడు మేస్త్రీ నా వైపు చూశాడు.

ఆ చూపులో అడగడం లేదు, నిందా లేదు. ఇది నీది, నువ్వే చెప్పాలి, నేను మాత్రం చెప్పను, అంతే ఉంది. నా నోట్లో మాట తయారుగానే ఉంది. చీటీ నేనే రాశానండీ అనాలి. మూడే మూడు పదాలు. ఆ మూడు పదాల తర్వాత నా పాతికేళ్లు పోతాయి. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. పిల్ల చదువు మధ్యలో ఉంది. ఇవన్నీ కారణాలే. కానీ ఆ క్షణంలో నాకు ఇవేవీ గుర్తుకు రాలేదని ఒప్పుకోవాలి. ఉట్టి భయం. గోడ మీద గడియారం ముల్లు జరగడం చూస్తూ కూర్చున్నాను.

“లేదు సార్. కాగితం ఏదీ లేదు,” అన్నాడు మేస్త్రీ.

చైర్మన్ గారు వెనక్కి వాలారు. తర్వాత జరగాల్సినవి వాటంతట అవే జరిగిపోయాయి. తొమ్మిదో అంశం కింద సున్నా. అనుమతి లేకుండా కట్టినందుకు మేస్త్రీ ఐదేళ్లపాటు ఏ ప్రతిపాదనా పెట్టకూడదు. గది ఇరవై నాలుగు గంటల్లో తీసేయాలి. తీసేయమనే నోటీసు మీద సంతకం పెట్టి, ఆ గుమ్మానికి అంటించాల్సింది పరిశీలన ఇంజనీరు. అంటే నేను. ఆయాసంతో ఉన్న మనిషి మంచం మీద ఉండగా, ఆవిడ తల దగ్గర గుమ్మానికి నేను జిగురు రాయాలి.

అన్నీ అయ్యాక చైర్మన్ గారు కాసేపు ఫొటోలే చూస్తూ ఉండిపోయారు. సాయంత్రం ఐదింటిదాకా మార్కుల కాగితం తన దగ్గరే ఉంచుతానన్నారు. తీసేసే ముందు ఆ గోడ జరగడం ఒక్కసారి కళ్లతో చూడాలనుందన్నారు. మూడింటికి కారు తెమ్మన్నారు. ప్రొఫెసరమ్మ కూడా వస్తానంది. వెళ్లి చూసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదని ముగ్గురికీ తెలుసు.

మేస్త్రీని మెట్ల దగ్గర అందుకున్నాను. క్షమించమంటే సిగ్గుచేటు. ఆయనే ముందు మాట్లాడాడు.

“మీ పేరు ఎత్తనని పొద్దున మీ చెల్లికి మాటిచ్చానమ్మా. అంతే. మీరేం మనసులో పెట్టుకోకండి.”

“చీటీ ఎక్కడుంది?” అన్నాను.

“ఎక్కడుంటుంది, గుమ్మానికే ఉంది. పని పూర్తి కాలేదుగా.” ఇంకా ఇళ్లు కట్టబోతున్నట్టే అన్నాడు ఆ మాట. రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందకి దిగాడు. ఎప్పుడూ గబగబా దిగే మనిషి.

ఆయన అలా దిగుతుంటే చూడలేకపోయాను. నిర్ణయం నేను తీసుకున్నానో, ఆ మెట్లు తీసుకున్నాయో చెప్పలేను. మూడింటికి వాళ్లు ఆ గుమ్మంలోంచి లోపలికి వంగి వెళ్తారు. చీటీ కళ్లకి ఎదురుగానే ఉంటుంది. నేను నోరు విప్పనక్కర్లేదు. నా పిరికితనానికి సరిపోయే ధైర్యం అది. చీటీయే చెప్తుంది. ఎనభై రెండు. పోతే నా ఉద్యోగం పోతుంది. అరవై నాలుగు ఇళ్లు వస్తాయి.

అప్పటికి రెండున్నర. చెల్లి చీటీని ఎవరి కంటా పడనీయకుండా దాచేస్తుందేమోనని కంగారు పుట్టి ఫోన్ చేశాను. గుమ్మం మీద చెయ్యి వేయొద్దని చెప్పాలి. అంతే.

“అక్కా, నీకే చేద్దామనుకుంటున్నా,” అంది చెల్లి. వెనక వాళ్లత్తగారి దగ్గు వినిపిస్తోంది. గదిలో ఉన్నందువల్ల కాబోలు, మునుపటి కంటే తేలిగ్గా ఉంది. “నువ్వేం భయపడకు. ఆ చీటీ సంగతి నేను చూసుకున్నాను.”

“చూసుకోవడమంటే?”

“మేస్త్రీని ఆఫీసుకి రమ్మన్నారనగానే నాకు అర్థమైంది, ఎవరు చెప్పారని అడుగుతారని. ఆయన అటు వెళ్లగానే మేకు పీకి, చీటీ పొయ్యిలో పెట్టేశాను. బూడిద కూడా కలిపేశాను. నీకు మాట రానిస్తానా అక్కా. నాలుగేళ్లు మా గురించి తిరిగావు, నీ ఉద్యోగం పోగొట్టి మేం ఇల్లెక్కుతామా?”

ఆ కాగితం ఉంటే ఇల్లొచ్చేదని చెప్తే అది జీవితాంతం తనని తాను తిట్టుకుంటుంది. నా కోసమే చేసింది. మేస్త్రీ నా కోసమే అబద్ధమాడాడు. అందరూ కలిసి నన్ను ఎంత భద్రంగా కాపాడారంటే, ఇక ఎవరికీ ఇల్లు రాదు.

“అక్కా, ఉన్నావా? ఇంతకీ మార్కులెన్ని వచ్చాయి?” అంది.

వస్తున్నాం, చూడ్డానికి వస్తున్నాం, అత్తగారి పక్క సర్దు అని ఏదో చెప్పి పెట్టేశాను.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఎవరూ లేరు, అంతా భోజనాల నుంచి ఇంకా రాలేదు. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు కోసం సంచీలో చెయ్యి పెడితే ప్యాడు తగిలింది. ఆ రోజు గోదాములో రాసిన ప్యాడే. చెల్లి దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లే ఈ సంచీలో పడి ఉండి, మళ్లీ వాడలేదు. పై కాగితం ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందనుకున్నాను. కిటికీ వైపు వాల్చి చూస్తే గాడి కనిపించింది. ఒత్తి రాసే నా చెయ్యి, చీటీని చింపి ఇచ్చాక కూడా కింది కాగితం మీద మిగిలిపోయింది. పద్నాలుగో అంశానికి ఒక గది కట్టి. వానలో నిలబెట్టండి. కింద పొట్టి సంతకం. తేదీ కూడా, అంకె అంకే.

పెన్సిలు ముక్క అడ్డంగా రుద్దితే గాడి పైకి తేలుతుంది. కానీ అది చీటీ కాదు, చీటీ నీడ. నీడకి ఇరవై మార్కులు ఎవరేస్తారు? అదే ఆ గాడి మీద కలం నడిపిస్తే అచ్చంగా చీటీ అవుతుంది. మాట నాదే, చెయ్యి నాదే, తేదీ నిజమే. సిరా మాత్రం ఇవాళ్టిది. అది దొంగపని అవుతుందా, అవదా? ఇరవై ఐదేళ్లు ఇతరుల కాగితాల్లో తప్పులు పట్టిన దాన్ని, నా కాగితం గురించి నాకే తెలియలేదు.

కలం మూత తీశాను. కింద కారు వచ్చిన చప్పుడైంది. మొదటి అక్షరం గాడిలో పాళీ పెట్టి, సగం తిప్పాను. ఒక చుక్క సిరా గాడి దాటి పక్కకి పాకింది.

నా భుజం వెనక కళ్లజోడు మడిచిన చప్పుడు వినబడింది.

“కారు వచ్చిందమ్మా,” అన్నారు చైర్మన్ గారు. తర్వాత ప్యాడు మీదికి వంగి, “ఏం రాస్తున్నారు?” అన్నారు.